డి.డి.టి. నిషేధమూ, రేచల్ కార్సన్ నెత్తిన వేసిన కోట్ల ప్రాణాలూ

ఏటా వానలు మొదలై దోమల ప్రస్తావన రాగానే ఒక సందేశం మళ్ళీ లేచి తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి అది నాకు బడి మిత్రుల గ్రూపులోనూ, చుట్టాల గ్రూపులోనూ, చివరికి అపార్ట్‌మెంట్ సంఘం గ్రూపులోనూ వచ్చింది. పంపినవారిలో డాక్టర్లు కూడా ఉండడంతో ఇక ఊరుకోవడం భావ్యం కాదనిపించింది. దాని సారాంశం ఇది: రేచల్ కార్సన్ అనే అమెరికన్ మహిళ శాస్త్రవేత్త కాదట, ప్రభుత్వ కార్యాలయంలో కాగితాలు దిద్దుకునే ఉద్యోగి అట, పెళ్ళీ పెటాకులూ లేని ఆవిడ డబ్బు కోసం 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే పుస్తకం రాసిందట, డి.డి.టి. అనే పురుగుమందు వల్ల పక్షి గుడ్ల పెంకులు పలచబడుతున్నాయని అబద్ధమాడిందట, ఆ దెబ్బతో ప్రపంచమంతా దాన్ని నిషేధిస్తే ఐదు కోట్ల మంది మలేరియాతో పోయారట. కనుక ఆవిడ హిట్లర్‌ను మించిన హంతకురాలట.

ముందుగా ఆ ‘కాగితాలు దిద్దుకునే ఉద్యోగి’ సంగతి చూద్దాం. కార్సన్ 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. క్యాట్‌ఫిష్ పిండంలో మూత్రపిండాల తొలి రూపం ఎలా ఏర్పడుతుందన్నది ఆవిడ పరిశోధనాంశం. తండ్రి 1935లో మరణించడంతో ఇంటి భారం మీద పడి, అమెరికా మత్స్యశాఖలో సముద్ర జీవుల గురించి రేడియో ప్రసంగాలు రాసే తాత్కాలిక పనిలో చేరారు. మరుసటి ఏడాది పోటీ పరీక్ష రాసి జలజీవ శాస్త్రవేత్తగా శాశ్వత ఉద్యోగం సంపాదించారు. శాఖ ప్రచురణ కోసం ఆవిడ రాసిచ్చిన ఒక వ్యాసాన్ని చదివిన పై అధికారి ఎల్మర్ హిగ్గిన్స్, ఇది సర్కారు పుస్తకానికి మరీ బాగుంది, ‘అట్లాంటిక్’ పత్రికకు పంపి మాకు మరొకటి రాసివ్వమన్నారు. ఆ వ్యాసం 1937లో ఆ పత్రికలోనే అచ్చయింది. మత్స్యశాఖ, మరో శాఖతో కలిసి 1940లో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసుగా మారింది. యుద్ధకాలంలో మాంసం కొరత వచ్చినప్పుడు, జనం అలవాటు లేక పక్కన పెట్టే చేపలను ఎలా తినవచ్చో చెప్పే పుస్తకాలు రాసింది ఈవిడే. షింకటీగ్ వంటి వన్యప్రాణి ఆశ్రయాలకు స్వయంగా వెళ్ళి, అక్కడి వలస పక్షుల గురించి సామాన్యులకు అర్థమయ్యే పుస్తకాల వరుసను నడిపిందీ ఈవిడే. 1949 నాటికి ఆ సంస్థ ప్రచురణలన్నిటికీ ప్రధాన సంపాదకురాలయ్యారు.

ఔను, ఆవిడ కాగితాలు దిద్దారు. అయితే ఆ కాగితాలు ఏమిటన్నదే ప్రశ్న. దేశం నలుమూలల నుంచి చేపల మీద, పక్షుల మీద క్షేత్రస్థాయిలో పనిచేసే జీవశాస్త్రవేత్తలు పంపే నివేదికలు అచ్చుకు వెళ్ళే ముందు ఆవిడ బల్ల మీదుగా వెళ్ళేవి. మేరీలాండ్‌లోని పటుక్సెంట్ పరిశోధన కేంద్రంలో వన్యప్రాణులపై డి.డి.టి. ప్రభావాన్ని పరీక్షిస్తున్న సంగతి తెలిసి, ఆ విషయంపై వ్యాసం రాస్తానని ఆవిడ 1945 జులైలోనే ‘రీడర్స్ డైజెస్ట్’కు ఉత్తరం రాశారు. వారికి ఆసక్తి కలగలేదు. అంటే 1962లో ఊడిపడ్డ ఆలోచన కాదిది, పదిహేడేళ్ళ నాటిది.

పెళ్ళి కాలేదన్న మాట నిజమే. డి.డి.టి. రసాయన ధర్మాలు రాసేవారి వివాహ స్థితిని బట్టి మారతాయని నేనెక్కడా చదవలేదు. డబ్బు విషయానికొస్తే, సముద్రం మీద రాసిన పుస్తకం 1951లో విపరీతంగా అమ్ముడై, మరుసటి ఏడాది ఉద్యోగమే మానుకునే వెసులుబాటు ఆవిడకు ఇచ్చింది. ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చింది ఆ తర్వాత పదేళ్ళకు, రొమ్ము కేన్సర్‌తో పోరాడుతూ రాస్తే. డబ్బే కావాలనుకుంటే సముద్రం మీద ఇంకొకటి రాసుకునేవారు.

గుడ్ల పెంకుల ‘అబద్ధం’ ఇంకా విచిత్రం. పెంకులు పలచబడ్డాయన్న సంగతిని బ్రిటన్‌కు చెందిన డెరెక్ రాట్‌క్లిఫ్ పాత గుడ్ల సేకరణలతో కొత్తవాటిని పోల్చి 1967లో బయటపెట్టారు. కార్సన్ 1964 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు. ఫ్లోరిడాలో గద్దలు పిల్లల్ని పెట్టడం తగ్గిపోతోందన్న లెక్కలను ఆవిడ తన పుస్తకంలో చూపారు. తర్వాత 1969లో అదే పటుక్సెంట్ కేంద్రంలో, డి.డి.టి. విరిగితే వచ్చే డి.డి.ఇ.ని బాతులకు మేతలో కలిపి పెడితే పెంకులు పలచబడ్డాయి. కోళ్ళపై ఆ ప్రభావం అంతగా కనిపించదు. సందేశాలు తయారుచేసేవారు కోడి గుడ్ల ప్రయోగాలనే ఎందుకు ఏరుకుంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అలాస్కా పోగా అమెరికా ప్రధాన భూభాగంలో 1963లో గూడు కట్టిన బాల్డ్ ఈగిల్ అనే గద్ద జంటలు 417. ఆ పక్షిని 2007లో ప్రమాద జాబితా నుంచి తీసేసేనాటికి దాదాపు పదివేలు.

డి.డి.టి.ని చెంచాతో తిన్న ప్రొఫెసర్ గురించి కూడా సందేశంలో ఒక వాక్యం ఉంది. ఆయన నిజంగానే తిన్నారు. ఆయన గుడ్లు పెట్టరు కనుక ఈ చర్చలో ఆయనతో మనకు పని లేదు.

ఇక అసలు నేరారోపణ. అమెరికా పర్యావరణ సంస్థ 1972 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు, అమెరికాలో, ప్రధానంగా పత్తి వంటి పంటల మీద డి.డి.టి. వాడకాన్ని ఆపింది. ప్రజారోగ్య అవసరాలకూ, ఎగుమతికీ అందులోనే మినహాయింపు ఉంది. ఇలాంటి రసాయనాలను కట్టడి చేసేందుకు 2004లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం సైతం వ్యాధులు మోసే కీటకాల నివారణకు దాన్ని అనుమతించింది. మన సంగతి చెప్పనే అక్కరలేదు: ప్రభుత్వరంగ హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థ అమెరికా నిషేధం తర్వాత కూడా దశాబ్దాల పాటు దాన్ని తయారుచేసింది, పంటలపై దాని వాడకాన్ని మన దేశం నిషేధించింది 1989లో. మలేరియా సిబ్బంది వచ్చి, వంటింటి సామానంతా బయట పెట్టించి, గోడలకు మందు కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్ళడం చూసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. ప్రపంచమంతా నిషేధమన్న సందేశాన్ని అదే తరంవారు పంపడం నాకు అన్నిటికంటే వింతగా తోస్తుంది.

ఈ కథకు సాక్ష్యంగా సాధారణంగా శ్రీలంకను చూపుతారు. అక్కడ 1963లో మలేరియా కేసులు పదిహేడుకు పడిపోయాయి, 1968-69లో లక్షల్లోకి ఎగబాకాయి. మధ్యలో జరిగిందేమిటి? పదిహేడు కేసుల కోసం ఇంత ఖర్చెందుకని పిచికారీ ఆపేశారు. వ్యాధి తిరగబెట్టాక డి.డి.టి.ని మళ్ళీ తెచ్చారు. అయితే దోమలు దానికి లొంగడం మానేయడంతో 1970లలోనే మలాథియాన్ అనే మరో మందుకు మారారు. ఆ డి.డి.టి. లేకుండానే 2016లో శ్రీలంక మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. మన దేశంలోనూ 1965 ప్రాంతంలో సుమారు లక్షకు దిగిన కేసులు 1976లో 64 లక్షలకు చేరాయి. ఆ ఏడాది ఇక్కడ ఏ నిషేధమూ లేదు. ఉన్నవి మందుకు అలవాటుపడిన దోమలు, మందుల కొరత, రోగం పోయిందిలే అన్న ధీమా. ఆఫ్రికాలో సహారాకు దిగువనున్న దేశాల్లో అత్యధిక భాగాన్ని 1955లో మొదలైన ప్రపంచ మలేరియా నిర్మూలన కార్యక్రమంలో చేర్చనేలేదు. అసలు అందనిదాన్ని కార్సన్ లాక్కున్నారనడం ఎలాంటి లెక్కో, ఐదు కోట్లు కూడినవారే చెప్పాలి.

పొలాల మీద విమానాలతో చల్లిన మందు కాలువల్లో, మడుగుల్లో పెరిగే దోమ పిల్లల మీద కూడా పడుతుంది. చావగా మిగిలినవాటి సంతానమే మర్నాడు ఇంటి గోడ మీద వాలుతుంది. దోమలు ఇలా మందుకు లొంగకుండా పోయే ప్రమాదాన్ని కార్సన్ అప్పుడే హెచ్చరించారు. కీటకాలు మందులకు అలవాటుపడటం మీద ఒక అధ్యాయమే రాసి, మలేరియా దోమలను అందులో ప్రత్యేకంగా ప్రస్తావించారు. పురుగుమందులను ఎన్నడూ వాడకూడదన్నది తన వాదన కాదని కూడా స్పష్టంగా రాశారు. పైరెత్రాయిడ్లనే మరో రకం పురుగుమందులు కొట్టీ కొట్టీ 1980లలో తెల్లదోమకు పత్తిని వదులుకున్న గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఈ సంగతి చెప్పడానికి అమెరికా నుంచి ఎవరూ రానక్కరలేదు.

అలాగని ఆ పుస్తకాన్ని వేదవాక్కుగా తీసుకోమని నేననను. కేన్సర్ గురించిన అధ్యాయం అన్నిటిలోకీ బలహీనమైనది. రసాయనాలకు ఇచ్చిన ప్రాధాన్యంలో కొంతైనా, అప్పటికే రుజువవుతున్న పొగాకు దుష్ప్రభావానికి ఇవ్వలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం సందేశం రాసినవారికి తట్టలేదు కనుక నేనే చెబుతాను. దక్షిణాఫ్రికా 1996లో మలేరియా నివారణకు సైతం డి.డి.టి.ని మానేసి పైరెత్రాయిడ్లకు మారింది. వాటికి చావని ఫ్యునెస్టస్ అనే మలేరియా దోమ తిరిగొచ్చి, కొన్నేళ్ళలోనే కేసులు అనేక రెట్లు పెరిగాయి, 2000లో డి.డి.టి.ని మళ్ళీ గోడలకు కొట్టాక తగ్గుముఖం పట్టాయి. అక్కడ దాన్ని మానడం వల్ల ప్రాణాలు పోయాయన్నది వాస్తవం. పర్యావరణ ఉద్యమంలో మినహాయింపులను కూడా సహించని ఒక వర్గం ఉంది, దానికి ఈ అనుభవం ఒక సమాధానం. కానీ ఆ దోమ డి.డి.టి.కి ఇంకా లొంగుతూ ఉంది కనుకనే దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ రాష్ట్రంలో అది పనిచేసింది. లొంగడం మానేసిన శ్రీలంకలో వేరే మందు వెదుక్కోవలసి వచ్చింది.