అంతా స్టాకే సార్!

టర్బో కారు ఉన్నవాళ్లలో ఒక వర్గానికి లోకం తీరని అన్యాయం చేస్తోంది. వాళ్లు అడిగేది పెద్దగా ఏమీ లేదు. ఇంజిన్‌ని నడిపే ఈసీయూ అనే కంప్యూటర్‌లో కంపెనీ రాసిన లెక్కలు చెరిపేసి, వేరేవాళ్లు రాసిన లెక్కలు ఎక్కించుకుంటారు. దీన్ని ట్యూనింగ్ అంటారు, కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటే స్టాక్ అంటారు. ఆ తర్వాత ఏదైనా విరిగితే మాత్రం, ఎవరి లెక్కలు చెరిపేశారో ఆ కంపెనీయే వారంటీ కింద ఉచితంగా బాగుచేసి పెట్టాలి. ఇంత న్యాయమైన కోరికను కంపెనీలు పట్టించుకోకపోవడం చూస్తే, వ్యాపారస్తులకు మనసుండదన్న మాట నిజమే అనిపిస్తుంది.

ముందు వీళ్ల బాధేమిటో సానుభూతితో అర్థం చేసుకోవాలి. బయటికి వృథాగా పోవాల్సిన ఎగ్జాస్ట్ వాయువులు టర్బైన్‌ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో చివరనున్న కంప్రెసర్ బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. ఎంత ఒత్తాలి, ఎంత పెట్రోల్ చిమ్మాలి, స్పార్క్ ఏ క్షణంలో పడాలి అన్నీ ఈసీయూ చేతిలోనే. టర్బో లేని ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ ఎంత మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. టర్బో ఉంటే మాత్రం బూస్ట్, అంటే ఆ గాలి ఒత్తిడి, కాస్త పెంచమని రాస్తే చాలు, ఇరవై ముప్పై శాతం పవర్ అదనంగా వస్తుందని ట్యూనర్లు చెబుతారు. నట్టు విప్పేది లేదు, చేతికి గ్రీజు అంటేది లేదు. డ్యాష్‌బోర్డ్ కింద ఓబీడీ పోర్ట్‌కి కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో గీత నూరు శాతానికి చేరేదాకా ఊపిరి బిగబట్టుకుంటే ట్యూనింగ్‌లో మొదటి మెట్టు, స్టేజ్ 1, అయిపోయినట్టే. పైగా ఒకే ఇంజిన్‌ని కంపెనీవాళ్లే ఒక మోడల్‌లో తక్కువ పవర్‌తో, ఇంకో మోడల్‌లో ఎక్కువ పవర్‌తో అమ్ముతుంటారు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మనిషికి నిద్ర పట్టదు. తను ఈఎంఐ కడుతున్న ఇంజిన్‌లో, తనకు దక్కాల్సిన గుర్రాలను ఎవరో కట్టేసి ఉంచారు మరి.

ఎందుకు కట్టేశారని అడిగితే ఇంజినీర్లు ఏవో సాకులు చెబుతారు. నాసిరకం పెట్రోల్ పోసేవాళ్లుంటారు, మండుటెండలో నిండా జనంతో కొండ ఎక్కించేవాళ్లుంటారు, ఆయిల్ మార్చడమే మరిచిపోయేవాళ్లుంటారు, అందరి చేతుల్లోనూ ఇంజిన్ బతకాలి కదా అంటారు. ఈ అపనమ్మకానికి పాత చరిత్రే ఉంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. జనానికి అమ్మిన తొలి టర్బో కార్లలో అదొకటి. సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి అంటుకునే నాకింగ్ రాకుండా డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మే ఏర్పాటు చేసి, దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఘనంగా పేరు పెట్టారు. ట్యాంకు ఖాళీ అయితే నింపుకోవడం ఒక్కటే ఓనర్ పని. చాలామంది ఆ ఒక్క పనీ చేయలేదు. చివరికి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇస్తామని ముందుకొచ్చింది. మన గురించి కంపెనీలకున్న అభిప్రాయం ఆనాడే స్థిరపడింది. ఇన్నేళ్లయినా మార్చుకోలేదు, అంత మొండివాళ్లు.

ట్యూన్ చేయించుకున్నవాడిలో నాకు బాగా నచ్చేది అతని తాత్త్విక స్థాయి. ఒకే ఫైలు గురించి ఒకే రోజు రెండు సత్యాలు పలకగలడు, రెండింటినీ మనస్ఫూర్తిగా నమ్మగలడు. పొద్దున స్నేహితుడితో, ‘మామా, మూడో గేర్‌లో తొక్కితే సీటుకు అతుక్కుపోతావ్, ఇది ఆ బండే కాదు!’ అంటాడు. సాయంత్రం సర్వీస్ సెంటర్‌లో, ‘పెద్ద మార్పేం లేదండీ, చిన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లాంటిది’ అంటాడు. పికప్ విషయంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద పడే భారం విషయంలో తేడాయే లేదు. మరి ఆ అదనపు టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, చక్రాల దాకా ఎలా చేరింది? గేర్‌బాక్స్‌ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పక్కనుంచి నడిచి వెళ్లిందనుకోవాలి.

ఇక అతన్ని సర్వీస్ సెంటర్‌లో చూడాలి. వచ్చింది వైపర్ బ్లేడ్ మార్పించడానికి. కౌంటర్ దగ్గర అడ్వైజర్ కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే అడుగుతాడు.

‘బండిలో ఇంకేమైనా ఉందా సార్?’

‘ఏముంటుంది? ఏం లేదు. అంతా స్టాకే!’

అడ్వైజర్ అప్పుడు తలెత్తాడు. ‘అహ, ఇంకేమైనా కంప్లయింట్ ఉందా అని.’

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మనకు తెలుసు. ఇక్కడ గుమ్మడికాయ మాటే రాలేదు. ఆ తర్వాత వైపర్ మారుస్తున్నంతసేపూ అద్దం అవతలినుంచి మెకానిక్ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ చేతిలో నల్లగా వేలాడుతున్నది కేబులా? కాదు, తుడుచుకునే గుడ్డ. హమ్మయ్య.

తెలివైనవాళ్లు సర్వీసుకు ముందురోజు రాత్రి స్టాక్ ఫైల్ తిరిగి ఎక్కించుకుని వెళ్తారు, ఇంటికొచ్చాక మళ్లీ ట్యూన్ ఎక్కిస్తారు. చిక్కేమిటంటే, చాలా కార్లలో ఈసీయూ తనను ఎన్నిసార్లు తిరగరాశారో లెక్క పెట్టుకుంటుంది. లోపలున్న సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ దగ్గరున్న అసలుతో పోల్చి చూసే పద్ధతులూ ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లవాళ్లకైతే ‘టీడీ1’ అన్న మాట వింటే గుండె జారుతుంది. ట్యూన్ చేసినట్టు దొరికిపోయిన కారు మీద కంపెనీ రికార్డుల్లో పడే ముద్ర అది.

పరీక్ష పెట్టినప్పుడు బుద్ధిగా ఉండి, బయటికొచ్చాక అసలు రూపం చూపించే సాఫ్ట్‌వేర్ అంటే ఎక్కడో విన్నట్టుంది కదా. 2015లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ బయటపెట్టిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ వ్యవహారం సరిగ్గా ఇదే. టెస్ట్ జరుగుతోందని కారే పసిగట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించుకునేది, రోడ్డెక్కాక దాని దారి దానిదే. ప్రపంచం మొత్తం మీద దాదాపు కోటీ పది లక్షల కార్ల సంగతి ఇదేనని కంపెనీయే ఒప్పుకుంది. మనవాడు చేసేదీ అదే, కాకపోతే రిటైల్‌లో, ఒక్క కారుతో. అలాంటివాణ్ని పట్టుకోవడానికి ఆ కంపెనీకున్న అనుభవం ఇంకెవరికుంటుంది చెప్పండి?

ఈసీయూ జోలికే పోని అహింసావాదులూ ఉన్నారు. వీళ్లు ట్యూనింగ్ బాక్స్ పెట్టిస్తారు. సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుని, బూస్ట్ ఉన్నదానికంటే తక్కువే ఉందని చెప్పడం దాని ఉద్యోగం. ఈసీయూ పాపం నమ్మి ఇంకాస్త పెంచుతుంది. అబద్ధం చెప్పింది డబ్బా, మనం కాదు. సర్వీసు రోజు దాన్ని పీకేస్తారు. పీకేసి డిక్కీలో పెట్టి, ఆ డిక్కీతో సహా కారు అప్పగించి వచ్చేవాళ్లూ ఉంటారు.

చట్టం చదివినవాళ్లది ఇంకో రకం. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి పార్టు బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు, దానివల్లే చెడిందని కంపెనీ చూపించాలి. అక్షరాలా నిజం. బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో పిస్టన్ పగిలితే అలా చూపించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదన్నది కూడా అంతే నిజం. కాబట్టి అక్కడివాళ్ల హక్కులు ఇలా ఉంటాయి. ఇంజిన్ పోయి రోడ్డు పక్కన టోయింగ్ బండి కోసం ఎదురుచూస్తూ, గాలి కోసం పవర్ విండో దించబోతే అది దిగలేదనుకోండి. ఆ విండోని కంపెనీ ఉచితంగా బాగుచేసి తీరాలి. ఈ విషయంలో రాజీ పడొద్దు.

పిస్టన్ అంత తేలిగ్గా పగులుతుందా అంటారా? చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లకు, తక్కువ ఆర్‌పీఎంలో ఉండగా పెద్ద గేర్‌లో గట్టిగా తొక్కితే, స్పార్క్ పడకముందే సిలిండర్‌లో మంట అంటుకునే జబ్బు ఒకటుంది. ఎల్‌ఎస్‌పీఐ అంటారు. దీన్ని అదుపు చేయడం కోసమే 2018లో ఇంజిన్ ఆయిల్‌కి ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ అని కొత్త ప్రమాణం తేవాల్సి వచ్చింది. అదీ స్టాక్ ఇంజిన్ల సంగతి. సరిగ్గా ఆ తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ కుమ్మరించే ట్యూన్ ఎక్కించుకున్నవాడు, విరిగిన పిస్టన్ ముక్క చేతిలో పట్టుకుని ఏమంటాడో తెలుసా? ‘మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్.’

కంపెనీలు దయ చూపిన సందర్భాలూ లేకపోలేదు. వోల్వో కార్లకు పోల్‌స్టార్ పేరుతో, వారంటీ చెడకుండా పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ అధికారికంగానే అమ్మారు. అవ్వా బువ్వా రెండూ దొరికినట్టే కదా? లేదు. పెరిగేది కొంచెమేనట. అయినా టెన్షన్ లేని ట్యూన్‌లో కిక్కేముంటుంది?

అనుభవజ్ఞులు చెప్పే మార్గం ఒకటే. వారంటీ అయిపోయేదాకా ఓపిక పట్టు, ఆ తర్వాత నీ ఇష్టం. మనవాడు పట్టాడు. ఆ రోజు రానే వచ్చింది, ట్యూనర్ టైమూ ఇచ్చాడు. అప్పుడు మొదటిసారి ఒక సందేహం పుట్టింది. ఇప్పుడు టర్బో పోతే డబ్బు కట్టేదెవరు? నిన్నటిదాకా ఉక్కులా కనిపించిన ఇంజిన్ ఒక్కసారిగా పెళుసుగా కనిపించింది. నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే ఇరుసు, నిప్పులా కాలే టర్బైన్, ఇన్నాళ్లూ గుర్తురానివన్నీ గుర్తొచ్చాయి. ట్యూనర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేసుకుని, నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టాడు. రసీదు జేబులో పెట్టుకుని, మెట్లు దిగుతూనే ఫోన్ తీశాడు.

‘అన్నా, రేపు వస్తున్నా. స్టాక్ ఫైల్ బ్యాకప్ తీసి ఉంచుతావు కదా?’