వేడికి తట్టుకునేది బ్యాక్టీరియా కాదు, ఎంజైమ్

"గ్లూకోజ్ సిరప్‌ను మరిగే నీళ్లలో కూడా చావని బ్యాక్టీరియాతో చేస్తారు. అది మన కడుపులోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. అంత వేడి చేసేది పాడైన పిండిని దాచడానికే. ఆ చక్కెర నకిలీది, పాతకాలపు ఆమ్లం పద్ధతే నయం." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. చదివి టెన్షన్ పడుతున్నవాళ్లను చూశాకే ఇది రాస్తున్నాను.

ముందు బ్యాక్టీరియా సంగతి. గ్లూకోజ్ సిరప్‌ను పిండి నుంచి చేస్తారు; పిండి అంటే గ్లూకోజ్ గొలుసులు. అందులో కలిపేది బ్యాక్టీరియాను కాదు, అది తయారుచేసిన ఆల్ఫా అమైలేజ్ అనే, ఆ గొలుసులను కోసే ఎంజైమ్‌ను. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటి వాటిని ట్యాంకుల్లో పెంచి, కణాలను వేరుచేసి, ఎంజైమ్ ఉన్న ద్రవాన్ని తీసుకుంటారు. ఎంజైమ్ అంటే ఒక ప్రొటీన్. దానికి ప్రాణం లేదు, కడుపులో చేరి పెరగడం దాని వల్ల కాదు. అమైలేజ్ మన ఉమ్మిలో కూడా ఉంది. పల్చగా ఉడికించి చల్లార్చిన పిండి నీళ్లలో అయోడిన్ చుక్క వేయండి, ముదురు నీలం వస్తుంది. అయోడిన్ వేయని అవే నీళ్లు వేరుగా తీసుకుని, కాస్త ఉమ్మి కలిపి, గోరువెచ్చగా కాసేపు ఉంచి అప్పుడు చుక్క వేస్తే ఆ ముదురు నీలం రాదు. పిండి గొలుసులు తెగిపోయాయన్నమాట.

మరి అంత వేడి ఎందుకు? పిండి రేణువులు గట్టిగా ముడుచుకుని ఉంటాయి, ఎంజైమ్ లోపలికి వెళ్లలేదు. వేడి తగిలితే అవి ఉబ్బి విచ్చుకుంటాయి. కానీ అప్పుడే ఇంకో చిక్కు: నీళ్లలో 30–35 శాతం పిండి కలిపి ఉడికిస్తే అది బంకలా బిగుసుకుపోతుంది, పంపు కూడా లాగలేదు. అందుకే పిండి విచ్చుకునే ఆ క్షణంలోనే, ఆ వేడిలోనే గొలుసులను కోసే ఎంజైమ్ కావాలి. ఆవిరి పట్టించి సుమారు 105 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు, తర్వాత 95 దగ్గర గంటో రెండు గంటలో ఉంచుతారు. మన ఉమ్మిలోని అమైలేజ్ ఆ వేడికి క్షణాల్లో చెడిపోతుంది. ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ నిలబడుతుంది. ఈ పనిలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

అలాగని దేనికీ లొంగనిదేం కాదు. దాని బలం పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత; అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 6 దరిదాపుల్లో, కాల్షియం అండతోనే. ఆ పని అయ్యాక వేడిగా ఉండగానే పీహెచ్‌ను 4.5 దాకా దించితే సాధారణంగా అది పనికిరాకుండా పోతుంది. తర్వాత 60 డిగ్రీల దగ్గర యాస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి తీసిన గ్లూకోఅమైలేజ్, గొలుసు చివర నుంచి ఒక్కో గ్లూకోజ్‌నూ తుంచుతూ పోతుంది. దీనికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత వడపోత, కార్బన్‌తో శుద్ధి. ఎక్కడైనా ఎంజైమ్ లేశమాత్రం మిగిలినా, ప్రొటీన్ కాబట్టి అది అరిగిపోతుంది.

నకిలీ అనడమైతే శుద్ధ తప్పు. పిండి అంటేనే మొక్క కట్టిన గ్లూకోజ్ గొలుసు. తెగిన ప్రతి ముడి దగ్గరా ఒక నీటి అణువు చేరుతుంది. అందుకే 162 గ్రాముల పిండి పూర్తిగా తెగితే 180 గ్రాముల గ్లూకోజ్ రావాలి. పండులో ఉన్న గ్లూకోజ్‌కీ దీనికీ అణువులో తేడా లేదు. తీపి ఎక్కువ తింటే చెరుపే, అది నిజమే. అయితే ఆ మాట ఏ చక్కెరకైనా వర్తిస్తుంది.

ఇక ఆమ్లం పద్ధతి. 1811లో కిర్కాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పిండిని మరిగించి తీపి రాబట్టాడు, గొప్ప పనే. కానీ ఆమ్లం ఎక్కడ పడితే అక్కడ కోస్తుంది. ఎక్కువసేపు మరిగిస్తే వచ్చిన గ్లూకోజ్ కూడా పాడై చేదు, గోధుమ రంగు పదార్థాలు పుడతాయి. ఎంజైమ్‌లతో అయితే 95 శాతం దాకా గ్లూకోజే వస్తుంది.