మహారాజశ్రీ బ్రోమైడ్ పేపరు గారి సముఖమునకు

నలుపు తెలుపు ఫోటోలు అచ్చువేసే మహారాజశ్రీ 8×10 సైజు బ్రోమైడ్ పేపరు గారికి, తెనాలి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం విషయంలో మాత్రం నిన్న రాత్రి పన్నెండు గంటలకు మా స్నానాలగదిలో నాకు కొన్ని అనుమానాలు కలిగాయి. వాటిని ఊరంతా చెప్పుకునే ముందు తమరికే విన్నవించుకోవడం మర్యాద అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమరు మా ఇంటికి వేంచేసింది 1987లో. వంద షీట్ల పెట్టె, లోపల నల్లని కవరు, దాని మీద చీకటిలో తప్ప తెరవరాదన్న హెచ్చరిక. మా నాన్నగారు పాస్‌పోర్టు ఫోటోలకూ, హాల్‌టికెట్ల ఫోటోలకూ, తద్దినాల సమయంలో హడావుడిగా వేయించుకునే ఎన్లార్జిమెంట్లకూ చవక పేపరు వాడుతూ, తమరిని మాత్రం అలమారలో పై అరకు ఎక్కించి, మూత మీద పెన్సిలుతో ‘మంచి ఫోటోకి’ అని రాసి పెట్టారు. ఆ తరువాత ఆయన మరి పదేళ్ళపాటు స్టూడియో నడిపారు. ఆ పదేళ్ళలో తమరి హోదాకు తగినంత మంచి ఫోటోలు ముప్పై ఎనిమిది మాత్రమే తీశారని అనుకోవాలి. ఎందుకంటే పెట్టె నా చేతికి వచ్చేసరికి తమరు అరవై రెండు షీట్లు మిగిలి ఉన్నారు.

తమరు ఏ కంపెనీ బిడ్డ అన్న సంగతి ఇక్కడ రాయను. ఇంటి గుట్టు వీధిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ రోజులలో విదేశీ పేపరు దొరకడమే గగనమనీ, మన దేశానికి సొంత ఫిల్మూ, సొంత పేపరూ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ను ఏర్పాటు చేసి ఊటీలో ఫ్యాక్టరీ పెట్టిందనీ, వారి సరుకు మీద ఉండే ‘ఇందు’ అన్న పేరు కనిపించని స్టూడియో మన వైపు అరుదనీ మాత్రం చెప్పగలను. దుమ్మూ వేడీ పొడ గిట్టని ఈ సుకుమారమైన సరుకును తయారుచేయడానికి చల్లని కొండ ఊరును ఎంచుకున్నారు. అక్కడి నుంచి దిగివచ్చిన పెట్టెలను మేము మాత్రం కోస్తా జిల్లాల రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద భద్రపరిచాము.

అందువలన నేరమంతా తమరి మీదకు తోయను. ఒక చలువరాతి మేడలో పుట్టవలసిన వారిని మేము ఇటుక బట్టీలో పెంచాము. నాన్నగారి డార్క్‌రూములో మే నెలలో డెవలపరు, అంటే బొమ్మను పైకి తేల్చే ద్రావణం, ఉన్న ట్రేలో కూడా చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం. సోడా బండి దగ్గర కొన్న ఐసు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ట్రేలో ఒక మూలన తేలవేస్తే తప్ప ద్రావణం దారికి వచ్చేది కాదు, లేకపోతే పేపరు మీది జిలాటిన్ ఉబ్బి అంచుల దగ్గర పొరలు పొరలుగా లేచిపోయేది. స్టూడియో మూతపడ్డాక తమరు ఇనపబీరువా మీదికి మారారు. కొన్నేళ్ళ తరువాత నాకు జ్ఞానోదయమై, చల్లదనమే తమరికి ఆయుష్షు అని తెలుసుకుని, ఫ్రిజ్‌లోకి మార్చాను. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటే ఇదే కాబోలు.

ఫ్రిజ్‌లో తమరి కాపురం గురించి మా ఆవిడ తరఫున కూడా రెండు మాటలు మనవి చేయవలసి ఉంది. దోసెల పిండికీ, గోంగూర పచ్చడికీ, పెరుగు గిన్నెకూ చెందవలసిన అరలో మూడు వంతులు తమరు ఆక్రమించి ఇన్నేళ్ళయింది. పెరుగు రెండు రోజులకు పులుస్తుంది కాబట్టి ఎవరో ఒకరు తింటారు; తమరు పులిసినా ఎవరికీ తెలియదు, అదీ బాధ. పైగా మర్యాదల విషయంలో తమరు విడిదింట్లో అలిగిన మగపెళ్ళివారిని మించిపోయారు. రాత్రి ప్రింటు వేయాలంటే ఉదయమే తమరిని బయటకు పిలిచి, కవరు ముడి విప్పకుండా పూటంతా బల్ల మీద కూర్చోబెట్టి, గది వేడికి అలవాటు పడనివ్వాలి. తొందరపడి విప్పితే గాలిలోని తేమ తమరి ఒంటిమీద చెమటలా పట్టి, షీటుకు షీటు అతుక్కుపోతుంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఆవిడ పాలు చూసుకునేది, నేను తమరిని చూసుకునేవాడిని.

ఇక నిన్న రాత్రి సంగతి. స్నానాలగది వెంటిలేటరుకు నల్లగుడ్డ కట్టి, ఎర్ర జీరో బల్బు వేసి, మూడు ట్రేలు వరుసగా పెట్టాను. మూడవది నిజానికి ఆవకాయ కలిపే బేసిను. ఆ విషయం ఇంట్లో ఇంకా తెలియదు. తమరిలో ఒక షీటు అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పున రెండు ముక్కలు కత్తిరించాను. ఒకదానిని డెవలపరు చూపించకుండా నేరుగా హైపోలో, అంటే బొమ్మను స్థిరపరిచే ద్రావణంలో, వేశాను. రెండవదానికి నెగెటివును పెద్దది చేసి పేపరు మీద పడవేసే ఎన్లార్జరు వెలుతురు ఒక్క క్షణం కూడా తగలనివ్వకుండా, డెవలపరులో రెండు నిమిషాలు ఉంచి ఆ తరువాత హైపోలో వేశాను. ఆరోగ్యంగా ఉన్న పేపరు అయితే రెండు ముక్కలూ ఒకే తెలుపుతో బయటకు రావాలి. మొదటిది మల్లెపువ్వులా వచ్చింది. రెండవది డెవలపరులో అర నిమిషం మౌనంగా ఉండి, ముందుగా పెట్టె అంచు వైపు ఉన్న పావు అంగుళం మేర నల్లబడడం మొదలుపెట్టి, నిమిషం దాటేసరికి ముక్కంతా విభూతి పూసుకున్నట్టు బూడిద రంగుకు తిరిగింది. లైటు వేసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ ఎదుట నిలబడలేదు, అయినా తమరు ఏదో చూసినట్టు సాక్ష్యం చెబుతున్నారు.

దీనినే స్టూడియోలలో ఫాగ్ పట్టడం అంటారు. తమరి ఒంటి మీద జిలాటిన్‌లో కూర్చున్న వెండి లవణాల రేణువులకు వెలుతురు తగిలితే, ఒక్కొక్క రేణువులో కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరి, డెవలపరు వచ్చినప్పుడు మొత్తం రేణువును నల్లని వెండిగా మార్చమని గుర్తు పెట్టి ఉంచుతాయి. వేడీ తేమా ఏళ్ళ తరబడి తగిలితే వెలుతురు లేకుండానే కొన్ని రేణువులు ఆ గుర్తును తమకు తామే పెట్టుకుంటాయి. గాలి లోపలికి చొరబడేది అంచుల నుంచే గనుక మరక అక్కడే మొదలవుతుంది. వీటికి తోడు స్పీడు, అంటే వెలుతురుకు స్పందించే చురుకు, తగ్గిపోతుంది; కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, జారిపోతుంది. ఒకప్పుడు హార్డ్ గ్రేడు అని గర్వించినవారు నార్మల్‌గా, నార్మల్ వారు సాఫ్ట్‌గా తేలిపోతారు. వయసుతో మెత్తబడడం మనుషులలో మంచి గుణమే గానీ, నల్లటి జుట్టును నల్లగానూ తెల్లటి పంచెను తెల్లగానూ చూపించవలసిన ఉద్యోగంలో ఉన్నవారికి అది పనికిరాదు.

వైద్యం చేయించలేదని తమరు నా మీద నింద వేస్తారేమో. ఫాగ్ను అణిచే బెంజోట్రయాజోల్ అనే మందును ఒక శాతం ద్రావణం చేసి, లీటరు డెవలపరుకు పది పదిహేను మిల్లీలీటర్లు కలిపి చూశాను. బూడిద రంగు కొంత వెనక్కి తగ్గిన మాట నిజమే. దానితో పాటు తమరికి మిగిలి ఉన్న కాస్త స్పీడు కూడా తగ్గి, పన్నెండు సెకన్లు సరిపోయే చోట ముప్పై సెకన్లు అడిగారు. ఆ తరువాత ప్రింటును కావాలని నల్లగా వేసి, పొటాషియం ఫెర్రిసైనైడూ హైపో కలిపిన నీళ్ళలో ముంచి తెలుపును వెనక్కి లాగాను. నాన్నగారు దీనిని దూదితో, కళ్ళ తెల్లగుడ్ల మీద, గాజు గ్లాసు మెరుపు మీద మాత్రమే అద్దేవారు. నేను షీటు మొత్తాన్ని ముంచవలసి వచ్చింది. ఆ చేతివాటం ఆయనతో పోయింది, నాకు మిగిలింది గోళ్ళ మీది పసుపు మరకలే.

బ్రోమైడ్ పేపరుకే కాలం చెల్లింది అని తమరు తప్పించుకోజూస్తారని నాకు తెలుసు. 2005లో కొడాక్ నలుపు తెలుపు పేపరు తయారీ ఆపివేసింది, అదే ఏడాది జర్మనీలో ఆగ్ఫాఫోటో దివాలా తీసింది. ఆ వార్తలు చదివి తమరి విలువ పెరిగిందని సంబరపడి, మరింత జాగ్రత్తగా, మరింత లోపలి అరలోకి జరిపిన మూర్ఖుణ్ణి నేను. కానీ ఇంగ్లండులో ఇల్ఫోర్డ్ 2004లో మునిగే దాకా వెళ్ళి తేరుకుంది, చెక్ దేశంలో ఫోమా ఇప్పటికీ పేపరు చేస్తూనే ఉంది. అంటే తమరు లోకంలో చివరి పేపరు కారు. ఆ మాట తెలిసిన రోజున నాకు ఆనందం కలగలేదు, తమరి ముందు మోసపోయినట్టు అనిపించింది.

అందుచేత తమరి భవిష్యత్తు గురించి ఒక నిర్ణయానికి వచ్చాను. డెవలపరు ఉద్యోగం నుంచి తమరికి విశ్రాంతి ఇస్తున్నాను. ఈ ఉదయం తమరిలో ఒకరిని పట్టపగలే బయటకు తీసి, డాబా మీద అట్టముక్క పైన పరిచి, వేపరెమ్మ ఒకటి పెట్టి, దాని మీద గాజుపలక బోర్లించి ఎండకు వదిలాను. ముప్పై ఎనిమిదేళ్ళు చీకటిలో కాపాడిన వస్తువును ఎండలో పెడుతుంటే చెయ్యి వణికింది. ఎవరైనా చూస్తున్నారేమోనని పక్క డాబాల వైపు కూడా చూశాను. క్షణాలలో తెలుపు లేత గులాబీ రంగు అయింది, ఇంకొంచెం సేపటికి ఊదా, అరగంటకు తడి ఇటుక రంగు. పలక ఎత్తి రెమ్మ తీస్తే దాని కింద ఒక్కొక్క ఆకూ రంపపు పళ్ళతో సహా లేత మీగడ రంగులో అచ్చుపడి ఉంది. డెవలపరు లేదు, ఎన్లార్జరు లేదు, ఫాగ్ లెక్కలోకే రాలేదు. హైపోలో వేసేసరికి ఆ రంగులు సగం వెలిసిపోయి టీ రంగుకు దిగాయి, అయినా వేపరెమ్మ వేపరెమ్మలాగే ఉంది. మా ఆవిడ దానిని చూసి, ఈ పని మొదటి ఏడాదే చేసి ఉంటే ఇన్నాళ్ళూ పెరుగు గిన్నెకు చోటుండేది కదా అన్నది.

మిగిలిన వారిని కరివేపాకు, తులసి, మునగ, వరుసగా అన్నిటి కిందా పరచదలచుకున్నాను. ‘మంచి ఫోటోకి’ అన్న నాన్నగారి ఆదేశాన్ని ఉల్లంఘించినట్టు తమరు భావించవద్దు. ఆయన చేతిరాత ఉన్న మూతను మాత్రం పారవేయను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడైన అరవై రెండు షీట్ల వారసుడు

తా.క.: పోయిన నెల హైదరాబాదు నుంచి కొత్త పేపరు ఒక పెట్టె తెప్పించాను. ధర ఇంట్లో చెప్పలేదు, తమరికీ చెప్పను. ఇంకా విప్పలేదు. ఫ్రిజ్‌లో తమరి పక్కనే, గోంగూర సీసా వెనుక పెట్టాను గనుక, మూత మీద నేను పెన్సిలుతో ఏమి రాశానో తమరు ఈపాటికి చూసే ఉంటారు.