పెట్రోలు తాగుతూ కరెంటు పేరు చెప్పుకునే కారు గారికి

మహారాజశ్రీ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు గారికి, నల్గొండ నుంచి మీ డ్రైవరు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం. మీ పెట్రోలు ట్యాంకు నిండుగా ఉంది. బ్యాటరీ ఎప్పటిలాగే ఖాళీ.

మా సారు మిమ్మల్ని కొన్నప్పుడు వీధంతా వచ్చి చూసింది. కోటి దాటిన కారు మరి! గోడకు తగిలించి ఛార్జింగ్ పెడితే కరెంటు మీద యాభై అరవై కిలోమీటర్లు, ఆ పైన పెట్రోలు మీద ఎంత దూరమైనా అని షోరూములో చెప్పారు. సారుకు అన్నిటికంటే నచ్చింది ఆకుపచ్చ నంబరు ప్లేటు. అది పూర్తి విద్యుత్ కార్లకే ఇస్తారని, మీకు మామూలు తెల్ల ప్లేటేనని తెలిశాక ఆ రోజు భోజనం సరిగా చేయలేదు.

ఇప్పుడు మీ డిక్కీ సంగతి. అడుగు పలక ఎత్తితే నల్ల సంచిలో ఛార్జింగ్ కేబుల్ ఉంటుంది. కంపెనీలో బిగించిన ప్లాస్టిక్ కట్టు కూడా ఇంకా తెంచలేదు. చెర్వుగట్టు నుంచి తెచ్చిన కొబ్బరికాయ ఒకటి పగిలి నీళ్లు కారడంతో సంచి పలకకు అతుక్కుపోయింది. బ్రిటన్‌లో కంపెనీలు ఉద్యోగులకిచ్చిన మీ జాతి కార్లలోనూ కొన్ని కేబుళ్లు కవరు విప్పకుండానే దొరికాయని వార్తలు వచ్చాయి. ఆ విషయంలో నల్గొండ ఎవరికీ తీసిపోలేదు.

ఎందుకు విప్పలేదని అడగకండి, నేనే చెబుతాను. పెట్రోలు బిల్లు సారు ఆఫీసు ఖాతాలో పడుతుంది. కరెంటు బిల్లు ఇంటి ఖాతాలో పడుతుంది. మిమ్మల్ని గోడకు తగిలిస్తే స్లాబు మారుతుందని అమ్మగారి భయం. పోర్టికోలో ఉన్నదేమో ఫోనుకు, బల్బుకు సరిపోయే చిన్న సాకెట్టు. పదహారు ఆంపియర్ల పాయింటు ఇంట్లో ఒక్కటే ఖాళీగా ఉండేది, దాన్ని వాషింగ్ మెషీన్ ఎప్పుడో ఆక్రమించుకుంది.

మీ బ్యాటరీ నిండడానికి ఇరవై యూనిట్లు పడుతుందనుకుందాం. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా రెండు వందలు. ఆ కరెంటుతో వెళ్లే యాభై అరవై కిలోమీటర్లే పెట్రోలు మీద వెళ్తే లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చినా ఐదారు వందలు. అసలు సారు తిరిగేదెంత? ఇంటి నుంచి గడియారం సెంటర్, అక్కడి నుంచి కలెక్టరేట్, సాయంత్రం పానగల్లు. రాత్రి ఆరేడు గంటలు తగిలిస్తే మరునాడు ఇంజను మేలుకోవాల్సిన పనే ఉండదు. హైదరాబాద్ వెళ్లినా నార్కట్‌పల్లి, చిట్యాల దాటి చౌటుప్పల్ దరిదాపుల దాకా కరెంటు మీదే లాగించవచ్చు. మీకోసమే కట్టినట్టున్న ఊరు ఇది. అయినా మీరు బంకు ముందే నిలబడతారు.

మా బావమరిది మామూలు హైబ్రిడ్ నడుపుతాడు, విమానాశ్రయానికి కిరాయిలు. దాని బ్యాటరీ మీ దాంట్లో పదో వంతు కూడా ఉండదు, గోడకు తగిలించే పనే లేదు. బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు, ఇంజను పంచిపెట్టే కరెంటు, అంతే దాని బతుకు. 1997లో జపాన్‌లో ప్రియస్ అమ్మకానికి వచ్చినప్పటి నుంచీ ఆ జాతి ఇదే పని చేస్తోంది. ఎల్బీనగర్ రద్దీలో ఇంజను ఆపేసి పాకుతుంది, హైవే ఎక్కాక ఆ ఆదా తగ్గుతుంది. యజమాని బద్ధకస్తుడైనా దాని మైలేజీ చెడదు. మీ మంచితనం మాత్రం యజమాని చేతిలో ఉంది. ఛార్జింగ్ లేనప్పుడు ఆ బరువైన బ్యాటరీని మోసుకుంటూ తిరుగుతారు కనుక, దానికంటే మీరే ఎక్కువ తాగుతారు.

మా వీధి చివర టీచరు దంపతులకు పూర్తి విద్యుత్ కారు ఉంది. రాత్రి తగిలించడం, పొద్దున తీయడం, మరో దారి లేదు. గత్యంతరం లేకపోవడమే దాని గొప్పతనం. దానికి పొగగొట్టం లేదని వాళ్లు మురిసిపోతారు. గొట్టం ఉంది, దామరచర్లలో ఉంది, యాదాద్రి థర్మల్ కేంద్రం మీద. అయితే తెలంగాణలో 2026 డిసెంబరు దాకా వాళ్లకు రోడ్డు పన్ను మాఫీ, జీఎస్టీ 5 శాతమే. మీకు 40. పన్నులవాళ్లు మిమ్మల్ని పెట్రోలు కార్ల వరుసలోనే కూర్చోబెట్టారు. నాకైతే వాళ్లు మీ డిక్కీ తెరిచి చూశారనిపిస్తుంది.

ఐరోపాలో నిజంగానే లోపల తొంగి చూశారు. కార్లలోనే ఉండే ఇంధన మీటర్ల లెక్కలు తెప్పించుకుని, రోడ్డు మీద మీ జాతి వదిలే కర్బనం కాగితం మీది అంకెకు సగటున మూడున్నర రెట్లు ఉందని యూరోపియన్ కమిషన్ 2024లో తేల్చింది. జనం రోజూ శ్రద్ధగా ఛార్జింగ్ పెడతారని నమ్మి వేసిన అంకె అది. నమ్మినవాళ్లకు మా సారు తెలియదు.

ఒక్కటి మాత్రం దాచను. శ్రీశైలం వెళ్తూ ఈగలపెంట దగ్గర ఘాట్ దిగుతున్నప్పుడు మీ తెర మీద సున్నా కాస్తా ఒకటైంది, రెండైంది, డ్యాం చేరేసరికి నాలుగు కిలోమీటర్ల కరెంటు చూపించింది. చిన్న హైబ్రిడ్ బ్యాటరీ అయితే సగం దిగేసరికే నిండిపోయి, మిగతా శక్తి వృథా అయ్యేది. మీకు చోటుంది. ఆ అడవిలో ఛార్జర్ ఎక్కడుందని వెతుక్కునే పనీ లేదు. అవతల ఎక్కుడు మొదలవగానే ఆ నాలుగూ కరిగిపోయాయనుకోండి, అది వేరే సంగతి.

కనుక నా విన్నపం ఇది. పెట్రోలు తగ్గితే నా ముందు గంట కొట్టి మరీ చెబుతారు. బ్యాటరీ ఖాళీ అయితే చడీచప్పుడు లేకుండా ఇంజను అందుకుంటుంది, వెనక సీటులో ఏసీ చల్లగా వస్తూనే ఉంటుంది. ఇకమీదట ఆ వెనక తెర మీద, సారు కళ్లెదుట, ఈ రోజు పెట్రోలుకు అదనంగా అయిన ఖర్చు రూపాయల్లో చూపించండి. ఆఫీసు ఖాతా అని కాకుండా ఇంటి ఖాతా అని రాయండి. పోర్టికోకు కొత్త లైను లాగడానికి ఎలక్ట్రీషియన్‌తో నేను మాట్లాడి ఉంచాను, ఆదివారం ఖాళీగానే ఉంటాడట.

ఇట్లు,
మీ డ్రైవరు