వల కన్ను ఎవరి కోసం పెంచాలి?

(శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక మత్స్యకార పల్లె. 2025 జూన్ 14 సాయంత్రం. వేట నిషేధం ఈ రాత్రితో ముగుస్తుంది. తెప్ప సొంతదారైన మామ చిరిగిన వలను అల్లుతున్నాడు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చేపల బోట్ల మీద పనిచేసి తిరిగొచ్చిన మేనల్లుడు ఎదురుగా కూర్చున్నాడు.)

మామ: 61 రోజులు తెప్ప ఒడ్డున ఎండింది. ప్రభుత్వం ఇచ్చిన 20 వేలు బియ్యానికి, బడి ఫీజులకే చాలలేదు. ఇప్పుడు నువ్వొచ్చి సన్నకన్ను వల, అదే చిన్న రంధ్రాల వల, మానేయమంటున్నావు!

అల్లుడు: ఆ వలలో పడే వంజరం పిల్లలు వేలెడు కూడా ఉండవు మామా. ఇసుకలో ఎండబెట్టి కోళ్ల దాణాకు అమ్ముతున్నాం. ఒకటి రెండేళ్లు బతకనిస్తే కిలోల్లో తూగుతాయి.

మామ: నేను వదిలిన పిల్ల నా కోసమే పెరుగుతుందా? ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు పెద్ద మరబోట్లు వేటాడకూడదట. 1994 నుంచీ చట్టం ఉంది. రాత్రిపూట ఒడ్డున నిలబడి ఆ బోట్ల దీపాలు చూడు. చట్టం నాకొక్కడికేనా?

అల్లుడు: ఒక్కరు అడిగితే ఎవరూ వినరు. పది పల్లెలు కలిసి, బోటు నంబరు ఫొటో తీసి ఫిర్యాదు చేస్తే కదలిక వస్తుంది. వేటకు తోడుగా సముద్రపు నాచు సాగుకూ సాయం అడగవచ్చు.

మామ: నాచా! మన తీరంలో ఆ అలలకు వెదురు తెప్పలు నిలుస్తాయా? అది అలలు తక్కువున్న నీళ్లలో చేసే పని.

(నాచు సంగతిలో మామ చెప్పిందే నిజం. అల్లుడు మారు మాట్లాడలేదు.)

అల్లుడు: సరే, నాచు వద్దు. చేప తగ్గితే మళ్లీ గుజరాత్ దారే గతి. 2018 నవంబరులో మన జిల్లా, విజయనగరం జిల్లా కుర్రాళ్లు అక్కడి బోట్ల మీద వేటకెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కారు. 2020 జనవరి దాకా కరాచీ జైల్లో మగ్గారు.

మామ: వాళ్లు పోయింది చేప లేకనా? జెట్టీ లేదు, ఐసు లేదు. డీజిలుకు అప్పిచ్చిన సావుకారుకే సరుకు పోయాలి, ధర అతను చెప్పిందే. వంజరం ఎంత పెరిగినా లాభం అతనిదే. ముందు ఆ అప్పు తీర్చే దారి చూపు, అప్పుడు కొత్త వల కొనే మొదటివాడిని నేనే.

అల్లుడు: సంఘం పెట్టి మనమే వేలం వేద్దాం. అసలు మీ అప్పు ఎంత?

మామ: మీ అత్తనడుగు. చేపల బుట్ట మోసేదీ లెక్క రాసేదీ ఆవిడే. సంఘం పెడితే డబ్బు పెట్టె ఆవిడ దగ్గరే ఉంచు, నీ దగ్గర కాదు.