కరివేపాకుకు కూడా బిల్లు వేయాల్సిందే

మన జాతిని పట్టి పీడిస్తున్న దురాచారాల్లో కొసరు ఒకటి. కిలో వంకాయలు తూయించుకుని, తక్కెడ ఇంకా ఊగుతుండగానే "ఇంకో రెండు వెయ్యమ్మా" అంటాం, ఆవిడ వేస్తుంది, అంతటితో ఆగుతామా, సంచీ మూతి తెరిచి పట్టుకుని కరివేపాకు కోసం నిలబడతాం. అసలు కొన్నాం కాబట్టి కొసరు మన హక్కు అనుకునే ఈ పాడు అలవాటు వల్లే వీడియో గేముల కంపెనీలు అమ్మే డీఎల్‌సీల గొప్పతనం మనవాళ్ళ బుర్రకెక్కడం లేదని నా గట్టి నమ్మకం. డీఎల్‌సీ అంటే మరేం లేదు, గేమును పూర్తి ధరకు కొన్నాక, అందులో లేనిదాన్ని మళ్ళీ డబ్బులిచ్చి డౌన్‌లోడ్ చేసుకోవడం. లేనిది ఎందుకు లేదు అని అడిగారంటే మీలో ఇంకా కొసరు బుద్ధి పోలేదన్నమాట.

ఈ సంస్కరణకు ఆద్యులెవరంటే చాలామంది బెథెస్డా అనే గేముల కంపెనీ వాళ్ళ పేరే చెప్తారు. 2006 ఏప్రిల్లో ఆబ్లివియన్ గేములో గుర్రానికి కవచం తొడిగే డీఎల్‌సీ పెట్టి, ఎక్స్‌బాక్స్ అనే గేముల పెట్టెలో రెండున్నర డాలర్లకు అమ్మారు. అప్పటి లెక్కలో నూట పది రూపాయల పైమాటే. గుర్రం మనది, స్వారీ మనది, చచ్చేది మనం, కవచానికి మాత్రం కార్డు గీకాలి. గేములో ఊరి బయట గుర్రపుశాలలో ఆర్క్ అనే కల్పిత జాతి ఆడమనిషి ఒకామె ఉంటుంది, ఆమె దగ్గరికి వెళ్తే స్టీలుదా, ఎల్ఫులనే ఇంకో కల్పిత జాతిదా అని అడిగి మొదటి కవచం ఉచితంగా తొడిగి పంపిస్తుంది. కార్డు గీకిన పెద్దమనిషికి "ఫ్రీ" అన్న తృప్తి కూడా దక్కాలని ఎంత ముందుచూపో చూడండి. జనం తిట్టిపోశారు, నవ్వారు, కొన్నారు. 2009 ఏప్రిల్ 1న ఆ గేము డీఎల్‌సీలన్నిటికీ సగం ధర పెట్టి గుర్రం కవచం ధర ఒక్కటే రెట్టింపు చేశారు. 2025లో అదే గేమును కొత్త బొమ్మలతో మళ్ళీ దించినప్పుడు, 10 డాలర్లు ఎక్కువ పెట్టే డీలక్స్ వాళ్ళకు ఏమిచ్చారనుకున్నారు? ఇంకో గుర్రం కవచం.

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టకూడదని సామెత కట్టినవాడికి వ్యాపారం తెలీదు. ఏనుగు మీద లాభం ఒక్కసారే. అంకుశాలైతే ఎన్నైనా అమ్మొచ్చు, స్టీలుది ఒకటి, పండగ స్పెషల్ ఒకటి.

గురువును మించిన శిష్యులూ వచ్చారు. 2012లో క్యాప్‌కామ్ అనే కంపెనీ వాళ్ళ స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ గేము కొన్నవాళ్ళ డిస్కులోనే 12 మంది ఫైటర్లు తాళం వేసి కూర్చున్నారు. డిస్కు మీ అలమరాలో, తాళంచెవి వాళ్ళ గల్లాపెట్టెలో. అదే ఏడాది అదే కంపెనీ అసురాస్ రాత్ అనే గేముకు అసలు ముగింపును విడిగా అమ్మింది. ఒకే కథను రెండు ముక్కలు చేసి రెండేళ్ళ తేడాతో రెండు టికెట్లు కోయడం అలవాటైన మన సినిమావాళ్ళు దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు లెండి. టోటల్ వార్ వార్‌హామర్ అనే యుద్ధాల గేములో వేలమంది కత్తులతో నరుక్కుంటారు గానీ చుక్క రక్తం రాలదు, రక్తం విడిగా 3 డాలర్లు. ఆసుపత్రిలో మాత్రం ఊరికే ఎక్కిస్తున్నారా? 2018లో మెటల్ గేర్ సర్వైవ్ గేములో ఇంకో క్యారెక్టర్‌ను సేవ్ చేసుకునే ఖాళీ స్లాటును దాదాపు 10 డాలర్లకు అమ్మారు, అంటే ఏమీ లేనిదాన్ని రేటు కట్టి అమ్మే స్థాయికి మనిషి ఎదిగాడు. ఆ ఏడాదే సిమ్స్ 4 గేము వాళ్ళు కుక్కపిల్లకు, పిల్లికి కొత్త బట్టలు దించారు. అవి తొడగాలంటే ముందు కుక్కలు, పిల్లులు ఉన్న డీఎల్‌సీ కొనాలి. కొసరుకు కొసరు! ఇక డెస్టినీ 2 గేము సంగతి, 2020లో అందులోని పాత కథలను, జనం డబ్బులిచ్చి కొన్న విస్తరణలతో (అంటే పెద్ద సైజు డీఎల్‌సీలతో) సహా, గేములోంచి తీసి పక్కన పెట్టేశారు. కూరగాయలావిడ రాత్రి మీ ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచి కరివేపాకు పట్టుకుపోయిందా ఎప్పుడైనా? అదీ వృత్తి నైపుణ్యంలో తేడా.

ఈ యజ్ఞాన్ని చెడగొట్టిన రాక్షసులూ ఉన్నారు. పోలండ్ వాళ్ళు, సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ. 2015లో విచర్ 3 అనే గేము విడుదల చేసి, దాని వెనకాలే 16 డీఎల్‌సీలు ఉచితంగా పంచారు. హీరోకు కొత్త గడ్డాలు, హెయిర్‌స్టైళ్ళు ఫ్రీ. గుర్రానికి జీను, గంతలు ఫ్రీ, అంటే బెథెస్డా వాళ్ళు తొమ్మిదేళ్ళ కిందట ఎంతో కష్టపడి నెలకొల్పిన పవిత్ర గుర్రపు సంప్రదాయాన్ని నేలమట్టం చేశారు. ఆపైన 2016లో బ్లడ్ అండ్ వైన్ అని 20 డాలర్లకు ఒక విస్తరణ ఇచ్చారు, కొత్త రాజ్యం, కొత్త కథ, పైగా ఒక ద్రాక్షతోట, ఇల్లు. (నిజం చెప్పాలంటే ఆ తోటలో నేను చాలా సాయంత్రాలు ఊరికే నిలబడ్డాను. నా ఆఫీసు పనికి అదేమీ ఉపయోగపడలేదు.) ఇరవై డాలర్లకు ఒక రాజ్యమిస్తే, రెండున్నరకు గుర్రం చొక్కా అమ్ముకునేవాడు ఎలా బతకాలి?

నేనూ త్యాగాలు చేశాను. ఒక కంపెనీ, పేరెందుకు లెండి, గేము విడుదలకు ముందే సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలకు ముందుగానే కట్టే డబ్బు) అంటే గేము ధరలో సగం కట్టాను. దేనికి కడుతున్నానో వాళ్ళకూ తెలీదు, నాకూ తెలీదు. ఏడాది తర్వాత రెండు టోపీలు, ఒక తుపాకీ రంగు వచ్చాయి. అమ్మ వెనక నిలబడి చూసి, "టోపీ కొన్నావు సరే, ఏదిరా, పెట్టుకుని చూపించు" అంది. గేములో పెట్టుకుని చూపించాను. అది ఫస్ట్ పర్సన్ గేము, మన తల మనకు కనబడదు.

అయినా సిద్ధాంతం సిద్ధాంతమే కాబట్టి మొన్న ఆదివారం బజారులో ఆచరణలో పెట్టాను. అరకిలో బెండకాయలు తూచి, అలవాటుగా కరివేపాకు రెమ్మ సంచీలో వెయ్యబోతుంటే ఆపి, "దీనికెంతమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను కిందా మీదా చూసింది.

"నాలుగు రెబ్బలకు డబ్బులేంటి నాయనా, ఒంట్లో బాగానే ఉందా?"

అని, జాలేసిందేమో, నాలుగు పచ్చిమిరపకాయలు కూడా వేసింది. మార్కెట్టు చెడగొట్టేవాళ్ళు పోలండ్‌లోనే ఉన్నారనుకున్నాను, మా వీధి చివరా ఉన్నారు.