కూర ఆడ్డమేంట్రా!

(అమలాపురం దగ్గర ఓ ఊరు. ఆదివారం పొద్దున్న. వీధరుగు మీద మామ్మ, ఫోన్లో తల దూర్చిన మనవడు చంటి. పెరట్లో నిన్న దింపు తీసిన కొబ్బరికాయలు, పైన మబ్బు.)

మామ్మ: ఒరేయ్, ఆ కాయలు బేగా కొట్టుగదిలో వెయ్యరా, వానొచ్చేలా ఉంది.

చంటి: ఒక్క నిమిషం మామ్మా, కర్రీ ఆడుతున్నాడు.

మామ్మ: కూర ఉడకాలిగానీ ఆడ్డమేంట్రా?

చంటి: స్టీఫెన్ కర్రీ, బాస్కెట్‌బాల్ ఆటగాడు! 2015-16 సీజన్లో 402 త్రీ పాయింటర్లు వేశాడు, దూరం నుంచి బుట్టలో వేస్తే మూడేసి పాయింట్లు.

మామ్మ: నోట్లోంచి వేలాడేదేంటి, చుట్టా?

చంటి: మౌత్‌గార్డు. పళ్ళు ఊడకుండా.

మామ్మ: మరి పళ్ళకుండాలిగా! సగం బయటపెట్టి నములుతాడేం? మా అత్తగారు అడ్డపొగ తాగినా ఇంతకంటే పద్ధతిగా ఉండేది.

చంటి: నీకన్నీ వంకలే. షకీల్ ఓనీల్‌ని చూసుంటే తెలిసేది! ఏడడుగుల పైన మనిషి, బుట్ట కిందకొస్తే ఎవడూ ఆపలేడు. ఫ్రీ త్రో మాత్రం రెండేస్తే ఒకటే పడేది.

మామ్మ: ఫ్రీ అంటే?

చంటి: ఎవరూ అడ్డురారు. 15 అడుగుల నుంచి తీరిగ్గా వెయ్యడమే.

మామ్మ: అచ్చం మీ తాతే. సంతలో పదిమందిని తోసుకెళ్తారు, ఖాళీ వంటింట్లో కాఫీ కలుపుకోమంటే చేతులాడవు.

చంటి: రిక్ బ్యారీ అయితే రెండు చేతుల్తో కిందనుంచి ఊపి వేసేవాడు. పదికి తొమ్మిది పడేవి.

మామ్మ: మరి అందరూ అలాగే వెయ్యొచ్చుగా?

చంటి: నామోషీ. విల్ట్ చాంబర్లిన్ 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఆరోజు 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి, కిందనుంచి వేసినవే. తర్వాత ఎబ్బెట్టుగా ఉందని మానేశాడు.

మామ్మ: అంత పొట్టి నిక్కరేసుకుని పదిమందిలోకి వచ్చినప్పుడు లేని నామోషీ, బంతి దగ్గరకొచ్చేసరికి వచ్చిందా?

చంటి: యానిస్ ఇంకో రకం. బంతి పట్టుకుని ఎంతకీ వెయ్యడు. రూలేమో పది సెకన్లు. 2021లో ఊరూరా జనం ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు, కంగారుపడతాడని. అయినా ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో 19కి 17 వేశాడు, మొత్తం 50 పాయింట్లు, కప్పూ వాళ్ళ జట్టుదే!

మామ్మ: అలాగా? ఒకటి... రెండు... ఎనిమిది...

చంటి: మధ్యలోవేవీ?

మామ్మ: అవి నువ్వు కర్రీని చూసేటప్పుడే అయిపోయాయి. తొమ్మిది!

(చంటి లేచాడు. కొట్టుగది గుమ్మానికి గురిచూసి, మణికట్టు తిప్పి, తలపైనుంచి ఓ కాయ విసిరాడు. కుడితి తొట్లో పడింది.)

మామ్మ: కిందనుంచి వెయ్యరా, నామోషీ వెధవా!